మూడో ఆనవాలు

ఆ హైస్కూల్లో మెట్ల కింద ఒక గది ఉంది. తలుపు మీద "పోయిన వస్తువుల గది" అని రాసి ఉంటుంది. పోయినవి అక్కడెందుకుంటాయి, దొరికినవి కదా ఉండేది అని ఆ గదిని చూసుకునే ఆవిడ ఐదుగురు హెడ్మాస్టర్లకి చెప్పి చూసింది. ఐదుగురూ తల ఊపారు గానీ బోర్డు మాత్రం మారలేదు. ఆవిడ కూడా ఇక ఆ ఊసెత్తడం మానేసింది.

ఆవిడకి అమ్మానాన్నలు పెట్టిన పేరొకటి ఉండే ఉంటుంది. దాంతో ఎవరికీ పని పడలేదు. ముప్ఫై ఎనిమిదేళ్ళుగా పిల్లలకీ, టీచర్లకీ, ఆఖరికి కట్టుకున్నవాడికీ ఆవిడ ఆనవాళ్ళమ్మే. ఎందుకంటే ఆ గదిలోంచి గుండుసూది బయటికి రావాలన్నా మూడు ఆనవాళ్ళు చెప్పి తీరాలి.

"గొడుగు పోయిందండీ."

"ఆనవాళ్ళు?"

"నల్లగా ఉంటుంది."

"గొడుగు నల్లగా ఉండక ఇంకెలా ఉంటుంది? అది ఆనవాలు కాదు, అలవాటు. ఇంకా?"

"పిడి వంకరగా..."

"నీ తలకాయ. పిడి ఉండేదే వంకరగా. పో, బాగా ఆలోచించుకుని రా."

ఆ పిల్లాడు ఇంటికెళ్ళి, అమ్మనీ నానమ్మనీ కూర్చోబెట్టి, గొడుగు జీవితచరిత్ర అంతా రాసుకుని మర్నాడు వచ్చేవాడు. మూడు కలిస్తే ఆవిడ మారుమాట లేకుండా ఇచ్చేసేది. రిజిస్టరులో సంతకం పెట్టించుకుని, "ఇంకోసారి పారేసుకున్నావంటే ఈసారి నాలుగడుగుతా" అని బెదిరించి పంపేది. నాలుగు ఎప్పుడూ అడగలేదు. మూడుకి ఒకటి తగ్గించనూ లేదు.

ఈ మూడు లెక్క ఆవిడ పెట్టింది కాదు. అంతకు ముందు ఆ గదిని చూసుకున్న పెద్దాయన ఇరవయ్యొక్కేళ్ళ ఈ పిల్ల చేతిలో తాళాలు పెడుతూ, "మూడు చెబితే పిల్లికైనా ఇవ్వు. రెండే చెబితే హెడ్మాస్టరుకైనా ఇవ్వకు" అన్నాడు. అని, తన చేతికర్ర అక్కడే మరిచిపోయి వెళ్ళిపోయాడు. మర్నాడు కర్ర కోసం వచ్చాడు. పొడుగ్గా ఉంటుందన్నాడు, అడుగున రబ్బరు ఊడిందన్నాడు. మూడోది ఎంత బుర్ర గోక్కున్నా తట్టలేదు. కొత్త పిల్ల కర్ర వైపు చూసింది, ఆయన వైపు చూసింది, "రెండే అయ్యాయండీ" అంది. ఆయన కళ్ళనిండా నీళ్ళు పెట్టుకుని, "నా గది నిలబడింది తల్లీ" అని గోడ పట్టుకుని నడుచుకుంటూ ఇంటికెళ్ళాడు. ఆ కర్ర ఇప్పటికీ మూలనే ఉంది.

ఆవిడ పెళ్ళి కూడా ఆ గదిలో బల్ల దగ్గరే కుదిరింది. స్కూలు బ్యాండుకి యూనిఫారాలు కుట్టే టైలరు ఒకరోజు కొలతల టేపు పోగొట్టుకుని వచ్చాడు. మూడు అడిగితే పదకొండు ఆనవాళ్ళు చెప్పాడు. పై వారం కత్తెర పోగొట్టుకున్నాడు. ఆ పై వారం వేలికి తొడుక్కునే అంగుస్తానా, ఆ తరవాత ఇస్త్రీపెట్టె. నిప్పులు పోసి ఉన్న ఇస్త్రీపెట్టెని దారిలో ఎలా పారేసుకుంటాడో ఎవడైనా చెప్పండి! ఆవిడ పెట్టె అందిస్తూ, "ఇంకా ఏం పారేసుకుంటారు మీరు?" అనడిగింది. "ఇక కుట్టుమిషనే మిగిలిందండీ, అది మోసుకురావడం కష్టం" అన్నాడు. పెళ్ళయ్యాక ఆయన ఏమీ పోగొట్టుకోలేదు, కళ్ళజోడు తప్ప. అది రోజూ పోతుంది. రోజూ మూడు ఆనవాళ్ళు చెప్పే తీసుకుంటాడు.

ఇప్పుడా స్కూలుకి నూట పాతికేళ్ళు. దాని చరిత్ర రాయమంటే చరిత్ర మాస్టారు దస్త్రాలు తిరగేశాడు గానీ, నిజానికి ఆ చరిత్రంతా మెట్ల కింద గదిలో దుమ్ము పట్టి కూర్చుని ఉంది. వడ్రంగం క్లాసు మొదలుపెట్టిన కొత్తలో తయారైన స్టూలు అక్కడుంది. మూడు కాళ్ళు ఒక పొడుగు, నాలుగోది దాని ఇష్టం. అది నాది అని ఒప్పుకునే మొనగాడు ఇంతవరకూ పుట్టలేదు. కుట్టుపని క్లాసువాళ్ళ చొక్కా ఒకటుంది, దానికి చేతులు మూడు. నాటకాల సంఘం వారి రాజుగారి మీసంలో ఎడమ సగం ఉంది; కుడి సగంతో రాజుగారు ఆ రోజు రాజ్యం ఎలా ఏలాడో చూసినవాళ్ళు ఇప్పటికీ చెప్పుకుని నవ్వుతారు. సాయంత్రం పెద్దవాళ్ళకి చదువు చెప్పిన రోజుల్లో ఎవరో తాతగారు అచ్చులు పలికీ పలికీ అలిసిపోయి వదిలేసి వెళ్ళిన పళ్ళసెట్టు ఉంది. వక్తృత్వ పోటీలో మొదటి బహుమతి కప్పు ఉంది. గెలిచినవాడు ఆనందంలో ఉపన్యాసం ఇస్తూ ఇస్తూ గేటు దాటిపోయాడు.

వీటన్నిటి వెనక, పై అరలో, ఒక రేకుపెట్టె ఉంది. దాన్ని ఆవిడ ఎవర్నీ ముట్టుకోనివ్వదు. అందులో ఉన్నది ఒక తెల్ల కాన్వాసు బూటు. ఎడమకాలిది. ఒక్కటే.

ఆ బూటు కథ చెప్పకపోతే మిగతాది అర్థం కాదు.

ఆవిడ ఉద్యోగంలో చేరి రెండు వారాలైంది. స్కూలుకి అది ఎనభై ఏడో వార్షికోత్సవం. మర్నాడు బ్యాండు కవాతు అనగా, పెద్ద డ్రమ్ము వాయించే పదమూడేళ్ళ కుర్రాడు పరుగెత్తుకొచ్చాడు. గ్రౌండులో పంపు దగ్గర కాళ్ళు కడుక్కోవడానికి బూట్లు విప్పితే ఒకటి మాయమైందట.

"ఎడమకాలిది మేడం. తెల్ల కాన్వాసు."

"రెండు. మూడోది?"

కుర్రాడు వెనక్కి తిరిగి చూశాడు. వరసలో బ్యాండు జట్టంతా నిలబడి ఉంది. కుర్రాడి చెవులు ఎర్రబడ్డాయి.

"లేదు మేడం."

"ఉండకుండా ఎలా ఉంటుంది? ఆలోచించు."

"లేదు మేడం" అని వెళ్ళిపోయాడు.

వాడు వెళ్ళాక ఆవిడ, అంతకు ముందే ఎవరో దొరికిందని తెచ్చిచ్చిన బూటు తీసి లోపలికి చూసింది. మడమ దగ్గర చిరిగిన చోట ఒక గుడ్డముక్క వేసి కుట్టి ఉంది. గులాబిరంగు గుడ్డ. దాని మీద పసుపు బాతులు. ఏ ఆడపిల్ల గౌనులోంచో కత్తిరించిన ముక్క. పెద్ద డ్రమ్ము వాయించే మగధీరుడు జట్టంతా వింటుండగా "మూడో ఆనవాలు బాతులు మేడం" అని ఎలా అంటాడు! పొద్దున్నే ఇచ్చేద్దామనుకుని, మర్నాడు బూటు చేతిసంచిలో పెట్టుకుని గ్రౌండుకి పరుగెత్తింది.

అప్పటికే బ్యాండు కదిలింది. బూట్లు లేకుండా కవాతులోకి రానివ్వనని డ్రిల్లు మాస్టారు అరిస్తే, "ఒక కాలికుంది కదా సార్" అన్నాడట కుర్రాడు. అలాగే కుడికాలికి బూటు, ఎడమకాలు ఉత్తది, అందరికంటే ముందు డ్రమ్ము మోగిస్తూ నడిచాడు. ఒక అడుగు టక్కుమంటే ఒక అడుగు తప్పుమంటోంది. జనం కిసుక్కుమన్నారు. ఆవిడ సంచిలో బూటు పట్టుకుని గ్రౌండు గోడవారన నిలబడి చూస్తూ ఉండిపోయింది. ఆ నవ్వులు తన వల్లేనని తెలిసి ఆవిడకి ఏడుపొచ్చింది.

ఇంతలో ఆ రోజు ముఖ్య అతిథిగా వచ్చిన పెద్దమనిషి మైకు ముందు నిలబడ్డాడు. ఆయనకి దేన్ని చూసినా అర్థం వెతికే జబ్బుంది. "చూశారా! ఒక పాదం నాగరికతలో, ఒక పాదం ఈ చదువులతల్లి మట్టిలో! ఎంత గొప్ప ఆలోచన!" అన్నాడు. చప్పట్లు మోగిపోయాయి. అప్పటిదాకా నెత్తురుచుక్క లేని డ్రిల్లు మాస్టారి మొహం వెలిగింది. పై ఏడు కూడా అదే పెద్దమనిషి వస్తున్నాడని తెలిసి, డ్రమ్ము వాయించేవాడి చేత ఎడమ బూటు దగ్గరుండి విప్పించాడు.

మూడేళ్ళకి అది ఆనవాయితీ అయింది. పదేళ్ళకి స్కూలు స్థాపకుడి ఆజ్ఞ అయింది. ఇరవయ్యేళ్ళకి హాల్లో స్థాపకుడి నిలువెత్తు పటంలో రెండు కాళ్ళకీ బూట్లెందుకున్నాయనే ప్రశ్న వచ్చింది. డ్రాయింగు మాస్టారు నిచ్చెనెక్కి ఎడమ బూటు చెరిపేసి పాదం గీశాడు. ఆయన చెట్లు బాగా వేస్తాడు గానీ వేళ్ళు రావు. పటంలో ఆరు వేళ్ళు పడ్డాయి. చరిత్ర మాస్టారు మొన్న నూట పాతికేళ్ళ ప్రత్యేక సంచికలో ఆ పాదం గురించి నాలుగు పేజీలు రాశాడు. చలిలో వణుకుతున్న బీదపిల్లాడికి స్థాపకుడు తన ఎడమ బూటు దానం చేశాడని అందులో ఉంది. ఆరో వేలు మీద ఒక పేరా విడిగా ఉంది.

ఆ కుర్రాడేమయ్యాడంటారా? కవాతు అవగానే గుంపులో కలిసిపోయాడు, ఆవిడ ఎంత వెతికినా దొరకలేదు. మర్నాటి నుంచి సెలవులు. సెలవుల్లో వాళ్ళ నాన్నకి ఎక్కడికో బదిలీ అయింది. ఆనవాళ్ళమ్మ బూటు సంచిలో వేసుకుని వాళ్ళింటికి వెళ్ళేసరికి తలుపుకి తాళం వేలాడుతోంది. అప్పట్నుంచి బూటు రేకుపెట్టెలో ఉంది. రిజిస్టరులో ఆ వరస చివరి గడి ఖాళీగా ఉంది.

ఏటేటా కవాతుకి ముందు డ్రమ్ము కుర్రాడు తన ఎడమ బూటు తెచ్చి ఆవిడ బల్ల మీద పెట్టి వెళ్ళేవాడు. కవాతయ్యాక మూడు ఆనవాళ్ళు చెప్పి తీసుకెళ్ళేవాడు. ఆ ఒక్కరోజు మాత్రం ఆవిడ ఆనవాళ్ళు చెవిలో చెప్పించుకునేది. ఎందుకని ఎవరూ అడగలేదు.

అలాంటి గది మీద కొత్త హెడ్మాస్టరు కన్నుపడింది. ఆయన చేతిలో ఎప్పుడూ ఒక జేబురుమాలు ఉంటుంది. కుర్చీ తుడిచి కూర్చుంటాడు, లేచాక మళ్ళీ తుడుస్తాడు. పిల్లలు ఆయన్ని తుడుపు సారు అంటారు. ఆయన మెట్ల కింద గదిలోకి వచ్చి, పళ్ళసెట్టు చూసి, నోటికి రుమాలు అడ్డం పెట్టుకున్నాడు.

"ఏంటమ్మా ఈ చెత్త?"

"చెత్త కాదండీ, ఆస్తి. యజమానులు రావాలి."

"పళ్ళ యజమాని బతికే ఉన్నాడా?"

"రాలేదంటే బతికే ఉన్నాడో లేడో నాకెలా తెలుస్తుందండీ?"

హెడ్మాస్టరు వాదన పెంచలేదు. ఫైలు పెంచాడు. మెట్ల కింద గది ఖాళీ చేసి అద్దమూ రెండు మెత్తటి కుర్చీలూ వేసి అతిథుల గది చేయాలని నీలం అట్ట ఫైలు తయారుచేశాడు. పాత భవనంలో ఇటుక కదపాలన్నా విద్యాశాఖ పెద్దాఫీసరు సంతకం కావాలి. ఆయన నూట పాతికేళ్ళ ఉత్సవానికి ముఖ్య అతిథిగా వస్తున్నాడు. అక్కడే సంతకం పెట్టిస్తే మర్నాడు లారీ వస్తుంది.

"ఉత్సవం రోజు సాయంత్రం దాకా టైమిస్తున్నా" అన్నాడు హెడ్మాస్టరు. "పాత విద్యార్థులంతా వస్తారు. ఎవరి వస్తువు వాళ్ళు పట్టుకుపోతే సరే. మిగిలింది లారీకి."

ఆ సాయంత్రం ఆనవాళ్ళమ్మ ఇంటికొచ్చి సంగతంతా చెప్పింది. టైలరు మిషను ఆపాడు.

"గది పోతే పోయిందిలే. పది నెలల్లో నువ్వే దిగిపోతావుగా" అన్నాడు.

"నేను దిగితే తాళాలు ఇంకొకరికిస్తాను. గదే లేకపోతే ఎవరికివ్వను? అయినా నా బాధ గది గురించి కాదు. ఆ బూటు. లారీలో పోతే నేను ఊరుకోగలనా? ఒక పసివాణ్ణి ఊరందరి ముందు ఒంటికాలి బూటుతో నడిపించిన దాన్ని నేను. దాన్ని వాడి చేతిలో పెట్టకుండా నేనెలా తాళం వేసి రాను?"

"ఇంటికి తెచ్చేయి."

"మూడు ఆనవాళ్ళు నువ్వు చెబుతావా?"

"తెల్లది, ఎడమది, బాతులు. ముప్ఫయ్యేళ్ళుగా వింటున్నా."

"నీదైతే కదా!" అని ఆవిడ కసిరింది. టైలరు మళ్ళీ మిషను తొక్కడం మొదలుపెట్టాడు.

ఉత్సవం రోజు మెట్ల కింద నుంచి గేటుదాకా వరస. బట్టతలలు, నెరిసిన జడలు, చేతికర్రలు. అరవయ్యేళ్ళ వాళ్ళు పరీక్షరోజు పిల్లల్లా పెదాలు కదుపుతూ ఆనవాళ్ళు వల్లె వేసుకుంటున్నారు. ఒక డాక్టరు నీళ్ళసీసా కోసం వచ్చి రెండు చెప్పి చెమటలు పట్టి, ఇంటికి ఫోను చేసి ఎనభై ఆరేళ్ళ తల్లిని అడిగాడు. తల్లి ఫోనులో అరిచిన అరుపు వరసంతటికీ వినిపించింది: "మూత మీద నీ పంటిగాట్లుంటాయిరా సన్నాసీ!" ఆనవాళ్ళమ్మ సీసా ఇచ్చేసింది. వడ్రంగం స్టూలు కోసం మాత్రం ఎవరూ రాలేదు. దాని పక్కన నిలబడ్డ ఒక పేరుమోసిన ఇంజనీరు దానివైపు చూడకుండా ఉండటానికి నానా తంటాలు పడ్డాడు.

ఆనవాళ్ళమ్మ ఒక కన్ను రిజిస్టరు మీద, ఒక కన్ను వరస మీద పెట్టింది. ప్రతి యాభయ్యేళ్ళ మగవాడి మొహంలోనూ పదమూడేళ్ళ చెవుల కోసం వెతికింది. ఒక్కరివీ ఆ చెవులు కావు.

గ్రౌండులో బ్యాండు మోగింది. కిటికీలోంచి కనిపిస్తోంది: ముందు డ్రమ్ము పిల్లాడు, కుడికాలు టక్కు, ఎడమకాలు తప్పు. వేదిక మీద పెద్దాఫీసరు కుర్చీలో ముందుకి వంగాడు. చరిత్ర మాస్టారు మైకందుకుని స్థాపకుడి దానగుణం, చలి, బీదపిల్లాడు, ఆరో వేలు అన్నీ వరసపెట్టి వినిపించాడు. పెద్దాఫీసరు ఒకసారి డ్రమ్ము పిల్లాడి కాలి వైపు, ఒకసారి తెరిచిన తలుపులోంచి కనిపిస్తున్న హాలు గోడ మీద పటం వైపు చూశాడు. తరవాత నెమ్మదిగా లేచి, హెడ్మాస్టరు సంతకానికని చేతిలో పెట్టిన నీలం ఫైలుతోనే వేదిక దిగిపోయాడు. బాత్రూముకేమోనని ఎవరూ వెంటపడలేదు.

ఆనవాళ్ళమ్మ రిజిస్టరులో తల దించి రాసుకుంటోంది.

"తరవాత ఎవరండీ? ఏం పోయింది?"

"బూటు. ఎడమకాలిది."

ఆవిడ కలం ఆగింది.

"తెల్ల కాన్వాసు" అన్నాడాయన.

ఆవిడ తలెత్తింది. ఖరీదైన కోటు, నెరిసిన మీసం, మెడలో ముఖ్య అతిథి పూలదండ. కానీ చెవులు ఎర్రగా ఉన్నాయి. అయినా అలవాటు అలవాటే.

"రెండు" అంది. "మూడోది?"

పెద్దాఫీసరు వెనక్కి తిరిగి చూశాడు. ఆయన వెనక ముప్ఫైమంది ఉన్నారు. అతిథిని వెతుక్కుంటూ వచ్చిన హెడ్మాస్టరు రుమాలుతో సహా ఉన్నాడు. చరిత్ర మాస్టారు సంచిక చంకలో పెట్టుకుని ఉన్నాడు.

"బాతులు మేడం" అన్నాడాయన గట్టిగా, వరసంతా వినేలా. "లోపల మడమ దగ్గర. మా అక్క గౌనులోంచి కత్తిరించి మా అమ్మ కుట్టింది. గులాబిరంగు గుడ్డ మీద పసుపు బాతులు. నాలుగు. ఒకదానికి తల లేదు, కుట్టులో పోయింది."

ఎవరూ నవ్వలేదు. పెద్దాఫీసరంతటివాడు మెట్ల కింద అటెండరుని మేడం అన్నందుకు హెడ్మాస్టరు చేతిలో రుమాలు జారిపోయింది. ఆనవాళ్ళమ్మ పై అరలోంచి రేకుపెట్టె దించింది. మూత ఒక పట్టాన రాలేదు. బూటు బయటికి తీసి రెండు చేతులతో అందించింది.

"ఆ సాయంత్రమే చూశాను బాబూ. పొద్దున్నే ఇద్దామని పరుగెత్తుకొచ్చాను. అప్పటికే నువ్వు నడిచేస్తున్నావు. నన్ను క్షమించు బాబూ. మూడు మూడని పట్టుబట్టి నీకు అన్యాయం చేశాను" అని ఏడ్చేసింది.

"భలేవారే! మీరు ఆ రోజే ఇచ్చేసి ఉంటే ఈ స్కూలుకి సంప్రదాయం ఎక్కడిది?" అన్నాడాయన. అని, బూటులోకి వేలు పెట్టి బాతుల్ని లెక్కపెట్టుకున్నాడు.

ఇంతలో చరిత్ర మాస్టారు గుంపుని తోసుకుంటూ ముందుకొచ్చాడు.

"సార్, తమరు పొరబడుతున్నారు. ఇది నూట పాతికేళ్ళ నాటి ఆచారం. ఆధారాలున్నాయి. పటం ఉంది."

"ఆ కాలు నాదేనండీ."

"తమ కాలికి ఆరు వేళ్ళున్నాయా సార్?"

"అయిదే."

"చూశారా మరి!" అన్నాడు చరిత్ర మాస్టారు గెలిచినట్టు. వెంటనే గొంతు తగ్గించి, "రెండువేల కాపీలు అచ్చయిపోయాయి సార్, దయచేసి ఇది బయటికి పొక్కనివ్వకండి" అని చేతులు పట్టుకున్నాడు. పొక్కనివ్వనని పెద్దాఫీసరు మాటిచ్చాడు. వరసలో ముప్ఫైమంది ఉన్నారన్న సంగతి ఇద్దరికీ తట్టలేదు.

ఆనవాళ్ళమ్మ రిజిస్టరు తిరగేసి, ముప్ఫై ఎనిమిదేళ్ళ వెనక్కి వెళ్ళి, ఖాళీ గడి మీద వేలు పెట్టింది. ఆయన సంతకం చేశాడు. చేసి, పెన్ను ఏదో ఆలోచిస్తూ నీలం ఫైలు దారంలో దోపి బల్ల మీద పెట్టాడు. గది నాలుగు మూలలా చూశాడు. కర్రనీ, కప్పునీ, సగం మీసాన్నీ చూశాడు. మూడు చేతుల చొక్కా దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగాడు. తరవాత బూటు కోటు జేబులో దోపుకుని కారెక్కి వెళ్ళిపోయాడు. ఫైలు బల్ల మీదే ఉండిపోయింది.

వరస అంతా అయ్యాక ఆనవాళ్ళమ్మ ఫైలు చూసింది. అట్ట తిప్పింది. గది ఖాళీ చేయించే కాగితం, అడుగున సంతకం కోసం చుక్కల గీత, చుక్కల మీద ఏమీ లేదు. ఆవిడ ఒక్క నిమిషం ఆలోచించి, రిజిస్టరులో కొత్త వరస గీసి, "ఫైలు, ఒకటి. దొరికిన చోటు: ఈ బల్ల" అని రాసి అరలో పెట్టింది.

హెడ్మాస్టరు మర్నాడు పొద్దున్నే దిగాడు.

"ఆ ఫైలు ఇలా ఇవ్వమ్మా. లారీ వచ్చేసింది."

"పోగొట్టుకున్నది మీరు కాదు కదండీ. వాళ్ళే రావాలి."

"నేను హెడ్మాస్టర్ని!"

"అవునండీ. నాకు తాళాలిచ్చిన పెద్దాయన ఆ మాట ముందే చెప్పాడండీ" అంది ఆవిడ.

హెడ్మాస్టరు పెద్దాఫీసరుకి ఫోను చేశాడు. ఫైలు లేనిదే సంతకం లేదన్నాడాయన. సంతకం లేనిదే లారీ లేదు. కొత్త ఫైలు తెరవాలంటే పాతది ఏమైందో రాసివ్వాలి; పాత ఫైలు నా స్కూల్లోనే మెట్ల కింద ఉంది, మా అటెండరు ఇవ్వనంటోంది అని ఏ మొహం పెట్టుకుని రాస్తాడు? లారీ గ్రౌండు చుట్టూ ఒకసారి తిరిగి ఖాళీగా వెళ్ళిపోయింది.

సోమవారం పెద్దాఫీసరు తనే వచ్చాడు. వెనక హెడ్మాస్టరు కుర్చీ తుడిచి పట్టుకుని నిలబడ్డాడు, ఆయన కూర్చోలేదు. పిల్లల వెనక వరసలో నిలబడ్డాడు. వంతు వచ్చింది.

"ఏం పోయిందండీ?"

"ఫైలు మేడం."

"ఆనవాళ్ళు?"

"నీలం అట్ట."

"ఒకటి."

"తెల్ల దారంతో కట్టి ఉంటుంది."

"రెండు. మూడోది?"

పెద్దాఫీసరు కళ్ళు మూసుకున్నాడు. పైకప్పు వైపు చూశాడు, నేల వైపు చూశాడు, గడ్డం గీరుకున్నాడు. హెడ్మాస్టరు ఆయన చెవి దగ్గర ఆత్రంగా ఏదో అందించబోతే, "కాపీ కొట్టకూడదండీ" అని ఆయనే ఆపాడు. చివరికి పెదవి విరిచి, తల అడ్డంగా ఊపాడు.

"గుర్తు రావడం లేదు మేడం."

"ఆలోచించండి బాబూ. తేలికే."

"ఎంత ఆలోచించినా రావడం లేదు."

"సరే అయితే, గుర్తొచ్చినప్పుడు రండి" అని ఆవిడ ఫైలు తీసుకెళ్ళి రేకుపెట్టెలో పెట్టి మూత వేసింది. ఫైలు దారంలో మూత లేని ఆయన పెన్ను అలాగే దోపి ఉంది.

ఆయన నమస్కారం పెట్టి వెళ్ళిపోయాడు. ఆయన చొక్కా జేబుకి పెన్ను మూత ఒక్కటే ఉంది.